అమ్మకు, కువైట్ నుంచి

ప్రియమైన అమ్మకు, ప్రభువు నామమున వందనాలు.

నేను బాగున్నాను. రాత్రి డ్యూటీలు ఈ నెలాఖరుతో అయిపోతాయి. డబ్బు పంపాను, నాన్న కంటి ఆపరేషన్‌కు అందులోంచే తీయండి. మళ్లీ ఎవరి దగ్గరా చేబదులు అడగవద్దు.

నువ్వు ఫోనులో చెప్పిన మాట నన్ను వదలడం లేదు. నీ విశ్వాసం చాలకనే తమ్ముడు గుడికి దూరమయ్యాడని స్త్రీల కూడికలో అన్నారట, అందుకని నువ్వు ఉపవాసాలు పెంచావట. ఎవరమ్మా ఆ మాట అన్నది? వాడి కోసం తెల్లవారుజామున నువ్వు ఎంతసేపు మోకాళ్ల మీద ఉంటావో వాళ్లు చూశారా?

మార్కు సువార్త 9వ అధ్యాయం మళ్లీ చదువు. దయ్యం పట్టి నిప్పుల్లో, నీళ్లలో పడిపోతున్న కొడుకును తండ్రి తీసుకొస్తే, దాన్ని వెళ్లగొట్టడం శిష్యుల వల్ల కాలేదు. ఆ తండ్రి నమ్ముతున్నానంటూనే, తన అపనమ్మకం పోయేలా సహాయం చేయమని కేక పెట్టాడు. ప్రభువు అతణ్ణి వెనక్కి పంపలేదు, బిడ్డను బాగుచేశాడు. ఇలాంటిది ప్రార్థన వల్లనే వదులుతుందని అన్నాడు, నిజమే. కానీ ఆ మాట చెప్పింది చేతగాక నిలబడ్డ శిష్యులకు, ఏడుస్తున్న తండ్రికి కాదు.

నాతో పనిచేసే ఈజిప్టు అమ్మాయి గురించి చెప్పాను కదా, కుడి మణికట్టు మీద చిన్న సిలువ పచ్చబొట్టు ఉంటుందని. ఈస్టరుకు ముందు వాళ్ల సంఘం ఉండే పెద్ద ఉపవాసం 55 రోజులు. మాంసం, పాలు, గుడ్డు ముట్టదు. ఉడికించిన చిక్కుడు గింజల మీద నిమ్మకాయ పిండుకుని, రొట్టెతో తింటుంది. నీ సంగతి చెబితే మకారియుస్ కథ చెప్పింది. 4వ శతాబ్దంలో ఎడారిలో ఉన్న సన్యాసి ఆయన, ఈజిప్టులోని వాది నత్రూన్ అనే లోయలో ఆయన పేరిట మఠం ఇప్పటికీ ఉంది. ఒకరోజు ఈతాకులు మోసుకొస్తుంటే సాతాను కొడవలితో ఎదురై, కొట్టబోయి కొట్టలేకపోయాడట. "నువ్వు ఉపవాసం ఉంటావు, నేను అసలే తినను. నువ్వు జాగరణ చేస్తావు, నాకు నిద్రే లేదు. ఒక్క నీ తగ్గింపు మనసు ముందే ఓడిపోతున్నాను" అన్నాడట.

రాత్రంతా వార్డులో అదే తలచుకున్నాను. యాకోబు పత్రికలో కూడా అపవాదిని, అంటే సాతానును, ఎదిరించమనే మాటకు ముందు దేవునికి లోబడమనే ఉంది. మన కూడికల్లో ఆ మొదటి మాట దాటేసి రెండోదాన్నే గట్టిగా పలుకుతారు. పోరాటమంటే గొంతు పెంచడమని నేను ఒప్పుకోను. నా బిడ్డను మార్చడం నా చేతిలో లేదు ప్రభువా అని నువ్వు వెక్కి వెక్కి ఏడుస్తావే, దానికి మించిన విశ్వాసం నాకు తెలియదు. వాడి మారుమనస్సు నీ ఆకలికి కూలిగా రాదమ్మా, కృపగానే రావాలి.

ఉపవాసం మానేయమనడం లేదు. షుగర్ మాత్రలు మాత్రం ఆపవద్దు, ఏ రోజు ఎలా వేసుకోవాలో డాక్టరును అడుగు. పాస్టరు గారికి వందనాలు చెప్పు. పిన్ని కూతురి పెళ్లి తేదీ ఖాయమైందా? సెలవు అడగాలి.

తమ్ముడితో గుడి మాట ఇప్పుడు ఎత్తకు. శుక్రవారం ఆరాధన అయ్యాక నేనే వాడికి ఫోను చేస్తాను.

నీ కూతురు