మా పిల్లల వయొలిన్లను బాగుచేసి ఇచ్చిన వారందరికీ కృతజ్ఞతలు

విజయనగరంలో మేము నడుపుతున్న పిల్లల వాద్యబృందానికి ఈ రెండు నెలలుగా అండగా నిలిచిన ప్రతి ఒక్కరికీ, పిల్లల తరఫునా వారి తల్లిదండ్రుల తరఫునా చేతులు జోడించి కృతజ్ఞతలు తెలుపుకుంటున్నాను.

మొన్నటి వానలకు మా గది కప్పు కారి, ఉన్న 14 వయొలిన్లలో 9 తడిసిపోయాయి. చెక్కలను పట్టి ఉంచే జిగురు తేమకు వదిలిపోయి, పెట్టెలు తెరిచేసరికి పైపలకలు లేచి, మెడలు ఊగుతూ కనిపించాయి. ఐదో తరగతి చదివే ఒక పాప తన పెట్టెను మూసేసి, మళ్ళీ ఎవరినీ తెరవనివ్వలేదు.

వయొలిన్ విద్వాంసులు ద్వారం వెంకటస్వామినాయుడు గారు ప్రిన్సిపాలుగా పనిచేసిన సంగీత కళాశాల ఉన్న ఊరిది. వయొలిన్ ఈ ఊరికి కొత్త కాదు గానీ, రోజుకూలీలు ఎక్కువగా ఉండే మా పేటకు మాత్రం కొత్తే. వెనెజ్వేలా రాజధాని కారకాస్‌లో 1975లో హోసే ఆంటోనియో అబ్రేయూ అనే ఆర్థికవేత్త, సంగీతజ్ఞుడు ఒక గ్యారేజీలో మొదలుపెట్టిన బృందమే మాకు ఆదర్శం. మొదటి సాధనకు వచ్చింది 11 మందే అయినా ఆయన వెనక్కి తగ్గలేదు. పాఠం ఉచితం, నేర్చుకోవడం మొదటి నుంచీ అందరితో కలిసే అన్న ఆ పద్ధతి ‘ఎల్ సిస్టెమా’ పేరుతో లక్షలాది పిల్లలకు చేరింది. అక్కడ పసిపిల్లలకు ముందు కాగితంతో, జిగురుతో వాద్యాలు చేయించి, వాటిని పట్టుకోవడం నేర్పుతారు. వయొలిన్లు చాలని ఆ ఆరు వారాలూ మేమూ అట్టముక్కలతో అదే చేశాం కనుక సాధన ఒక్కరోజూ ఆగలేదు.

పత్రికలో మా సంగతి చదివి పొరుగు జిల్లా నుంచి వచ్చిన పెద్దాయనకు ఎలా కృతజ్ఞత చెప్పాలో నాకు తెలియడం లేదు. నాలుగు రోజులు మా వరండాలోనే కూర్చుని, పలకలు అతికించి, దారాలతో బిగించి ఆరబెట్టారు. కూలి ఇవ్వబోతే తీసుకోలేదు. తీగ నిలవక, దాన్ని బిగించే బిరడా జారుతుంటే దానికి కాస్త సుద్దముక్క రుద్దాలని పిల్లలకు చూపించారు. ఇప్పుడు ఆ పని వాళ్ళే చేసుకుంటున్నారు. తమ చిన్ననాటి వయొలిన్లు పంపినవారికీ, మేడ మీద గది అద్దె లేకుండా ఇచ్చిన ఇంటివారికీ మేమెంతో రుణపడి ఉన్నాం.

వాద్యబృందం వల్ల ఇంట్లో కూలి డబ్బులు పెరుగుతాయని నేను చెప్పను. అయితే పక్కవాడి కమాను చూసి తన కమాను కదపడం, తప్పిన చిన్నవాడికి పెద్దది ఓపికగా చెప్పడం, నలుగురి ముందు నిలబడి వాయించడం ఈ పిల్లలకు ఇక్కడే అలవడుతున్నాయి. బడిలో నోరు విప్పని పాప ఇక్కడ శ్రుతి తగ్గిందని నన్నే సరిదిద్దుతోంది. పెట్టె మూసేసిన పాప ఆమే. గత సోమవారం తనే పెట్టె తెరిచి, మోహన రాగంలో గీతం వాయించింది.

సాధన రోజూ సాయంత్రం ఐదున్నరకు కొత్త గదిలో జరుగుతోంది. సాయం చేసిన మీరంతా తప్పక వచ్చి, వినిపోవాలని పిల్లలు మరీ మరీ కోరుతున్నారు.