యూరప్ బస్సుల లెక్క వేరు

సంపాదకులకు,

ఆర్టీసీకి ప్రభుత్వమిచ్చే సొమ్ము మీద చర్చ వచ్చినప్పుడల్లా ‘యూరప్‌లో అన్నీ ప్రైవేటుకు ఇచ్చేశారు’ అనే మాట వినిపిస్తుంది. యూరోపియన్ యూనియన్ చట్టం పోటీకి తలుపులు తెరవమంది గానీ ఆస్తులు అమ్మమని ఎక్కడా అనలేదు. సంస్థ సర్కారుదా, ప్రైవేటుదా అన్నది సభ్యదేశాల ఇష్టమని యూనియన్ మూల ఒప్పందంలోని 345వ అధికరణం వదిలేసింది. టెలికాం 1998లో, ఇళ్ల కరెంటు 2007 జులైలో పోటీలోకి వచ్చాయి. అదే యూరప్‌లో పారిస్ నగరం 2010లో మంచినీటి సరఫరాను ప్రైవేటు కంపెనీల నుంచి వెనక్కి తీసుకుంది.

కీలకం అదే ఒప్పందంలోని 106(2) అధికరణం. ప్రజాసేవ అప్పగించిన సంస్థకూ పోటీ నిబంధనలు వర్తిస్తాయి. వాటివల్ల ఆ సేవే కుంటుపడితే ఆ మేరకు మినహాయింపు. బెల్జియం తపాలా కేసులో 1993లో యూరప్ న్యాయస్థానం దీన్ని విడమర్చింది. లాభాలొచ్చే చోటి రాబడితో నష్టాలొచ్చే చోట బట్వాడా నడపడానికి తపాలాకు గుత్తాధిపత్యం ఉండొచ్చు. ఇంటికొచ్చి ఉత్తరాలు పట్టుకెళ్లడం లాంటి విడి సేవలకు మాత్రం, అసలు సేవ ఆర్థికంగా దెబ్బతింటే తప్ప, ఆ రక్షణ లేదు.

బస్సుల సంగతి 2003 జులై 24న ఆల్ట్‌మార్క్ తీర్పుతో తేలింది. జర్మనీలోని స్టెండాల్ జిల్లాలో ఒక కంపెనీకిచ్చిన పర్మిట్లు, సబ్సిడీలపై పోటీ కంపెనీ వేసిన దావా అది. నాలుగు షరతులూ నెరవేరితే ఆ డబ్బు ‘ప్రభుత్వ సాయం’ (పోటీని దెబ్బతీస్తుందని యూనియన్ చట్టం సాధారణంగా ఒప్పుకోని సాయం) కిందికి రాదని కోర్టు చెప్పింది. ఏ సేవ చేయాలో స్పష్టంగా రాసి ఉండాలి. చెల్లింపు లెక్క ముందే ఖరారు కావాలి. ఖర్చులో టికెట్ల రాబడి పోగా మిగిలినదానికి సహేతుకమైన లాభం కలిపి, అంతకు మించి ఇవ్వకూడదు. సంస్థను టెండరుతో ఎంచుకోవాలి. లేదంటే చక్కగా నడిచే సగటు కంపెనీకి అయ్యే ఖర్చే ప్రమాణం.

ఎక్కువమంది బోల్తా పడేది రెండు, నాలుగు షరతుల దగ్గరే. ఏడాది చివర నష్టం చూసి పూడ్చడం రెండోదానికి విరుద్ధం. కిలోమీటరుకు ఇంత, రాయితీ ప్రయాణికుడికి ఇంత అని ముందుగా ఉండాలి. తెలంగాణలో మహిళలకిచ్చే జీరో టికెట్ ఈ తరహా లెక్కకే పనికొస్తుంది. ఇక ఊళ్లో ఒకటే బస్సు సంస్థ ఉంటే దాని ఖర్చును ఏ సగటుతో పోల్చాలి? షరతు తప్పితే ఆ సొమ్ము సాయంగా మారుతుంది. నిబంధనలకు కుదరదని తేలితే వడ్డీతో సహా కక్కించాల్సిందే.

అందుకే ప్రయాణికుల రవాణా కోసం యూనియన్ 1370/2007 నిబంధన తెచ్చింది. దాని ప్రకారం లెక్క కట్టి చెల్లిస్తే యూనియన్ కార్యనిర్వాహక విభాగమైన యూరోపియన్ కమిషన్‌కు ముందుగా తెలపనక్కర్లేదు. కాంట్రాక్టు గడువు సాధారణంగా బస్సులకు 10 ఏళ్లు, రైళ్లకు 15 ఏళ్లు మించకూడదు. అదే సంస్థ టూరిస్టు బస్సులూ తిప్పితే పద్దులు విడిగా ఉండాలి. లేకపోతే ప్రజల డబ్బుతో అక్కడ చార్జీలు తగ్గించి తోటి వ్యాపారులను దెబ్బతీయొచ్చు.

మనవాళ్లు ప్రస్తావించని అంశం మరొకటి. ఆ దేశ చట్టం అడ్డు చెప్పకపోతే, నగరపాలక సంస్థ టెండరు పిలవకుండా తన సొంత బస్సు సంస్థకే పని అప్పగించవచ్చు. దానికి బదులుగా ఆ సంస్థ పక్క ఊళ్ల టెండర్లలో పాల్గొనకూడదు.

– ఒక న్యాయవాది, హన్మకొండ