చింతపిక్కల లెక్క

విజయనగరం,
ఆదివారం.

చిన్నా,

సున్నుండల డబ్బా అందిందా? ఈసారి నెయ్యి ఒక చెయ్యి ఎక్కువ పడింది, కిటికీ దగ్గర పెట్టకు. మీ నాన్నకు మోకాలు నొప్పి తగ్గింది. నిమ్మచెట్టు మళ్లీ పూతకు వచ్చింది. మూడు వారాలుగా నీ ఫోను లేదు కదా, ఊరికే నాలుగు ముక్కలు రాద్దామని కూర్చున్నాను.

మొన్న మీ గదిలో ఉండే అబ్బాయి మాట్లాడాడు. నేనేమీ అడగలేదు, తనే చెప్పాడు: రాత్రి ఒంటిగంట దాటినా నువ్వు గిటారు మీద ఒకటే వరస తిప్పి తిప్పి వాయిస్తున్నావట. ఏ వరస బాబూ అంటే ‘మైనర్ పెంటటోనిక్, ఐదో ఫ్రెట్ దగ్గర’ అన్నాడు. అదేదో పెద్ద జబ్బు పేరులా వినిపించి బుజ్జి చేత ఫోనులో పెట్టించుకుని విన్నాను. తీరా చూస్తే మన శుద్ధ ధన్యాసి రాగం! స గ మ ప ని, అంతే. వాళ్ల మేజర్ స్కేలు మన శంకరాభరణం. ఒకే తీగ మీద వాయించి చూడు: ఒట్టి తీగ, తర్వాత 2, 4, 5, 7, 9, 11, చివరికి 12వ ఫ్రెట్ మీద పై షడ్జమం, అంటే పై స. నా వీణకు మీ ఫ్రెట్ల లాంటివే 24 మెట్లు, పన్నెండేసి చొప్పున రెండు స్థాయిలు. బొబ్బిలి పనసకర్రకూ నీ గిటారుకూ ఈ లెక్కలో తేడా లేదు. కాకపోతే నీ గాంధారం, అదే గ, కొయ్యలా నిలబడుతోంది, తీగను కొంచెం పక్కకు లాగి ఊపు ఇవ్వు.

అయినా ఒంటిగంటకు ఎందుకు వాయించడం? పక్కవాళ్లకు నిద్ర ఉండదూ?

నేను వీణ మాష్టారి దగ్గర చేరిన కొత్తలో మాయామాళవగౌళ రాగంలో మొదటి సరళి వరస నెలల తరబడి సాగింది. మూడు కాలాలూ, అంటే మూడు వేగాల్లోనూ, తప్పు లేకుండా వాయిస్తే కుడిపక్క ఉన్న పది చింతపిక్కల్లోంచి ఒకటి ఎడమపక్కకు జరపాలి. తప్పు పడితే అన్నీ మళ్లీ కుడివైపుకే. నాకు రెండో కాలమే సరిగా రాదు, ధ్యాసంతా మూడో కాలం మీద. ఒకరోజు ఆయన అటు తిరిగి తమలపాకుల ఈనెలు తీస్తుంటే ఒకేసారి రెండు జరిపేశాను. తల తిప్పకుండానే ‘పిక్కలకు కాళ్లొచ్చాయా అమ్మాయీ’ అన్నారు. ఏడ్చుకుంటూ ఇంటికొస్తే మామ్మ వేళ్లకు నెయ్యి రాసి, మర్నాడు తనే చెయ్యి పట్టుకుని మళ్లీ అక్కడ దిగబెట్టింది. అప్పటినుంచి మొదటి కాలం తప్ప ఇంకేమీ ముట్టుకోలేదు, పిక్కలు వాటంతట అవే కదిలాయి. నువ్వూ వేగం చూసుకోకు. మెట్రోనోమ్ అరవైలో పెట్టు. ఎడమచేతి గోళ్లు తియ్యి. వేళ్ల కొసలు కాయ కాస్తే గిల్లకు. ఇదిగో, ఉపన్యాసం మొదలుపెట్టాను, మీ నాన్న అక్కడినుంచి నవ్వుతున్నారు.

రాత్రిపూట నేను వీణ ముట్టుకున్నది ఒకే ఒక్కసారి, తాతయ్యను విశాఖపట్నం తీసుకువెళ్లిన వారం. కీర్తనలు ఎన్ని వచ్చి ఏం లాభం, ఒక్కటీ చేతికి రాలేదు. తెల్లవార్లూ స రి గ మ, మొదటి కాలం. అందుకే ఆ అబ్బాయి చెప్పినప్పటినుంచి అడుగుతున్నాను. ఆఫీసు గొడవా? లేక పోయిన ఉగాదికి ఫోటోలో నీ పక్కన నిలబడ్డ అమ్మాయి సంగతా? చెప్పాలని లేకపోతే చెప్పకు. అన్నం మాత్రం మానకు, పెరుగు వేసుకుని తిను.

ఒకటి చెయ్యి. ఆ ఐదు స్వరాలనే గాంధారాన్ని షడ్జమం అనుకుని, అక్కడినుంచి మొదలుపెట్టి అక్కడే ఆపు. ఫ్రెట్లూ అవే, వేళ్లూ అవే, వినపడేది మోహన రాగం. శనివారం ఫోను చేసి వినిపించు. పది లోపు అయితే మీ నాన్న కూడా మేలుకునే ఉంటారు. ఒంటిగంటకైనా ఫరవాలేదు, నేను తీస్తాను.

స్టీలు డబ్బా పారెయ్యకు, అది మీ మామ్మది.

అమ్మ