కొండ పేలి 44 ఏళ్లు: మన సంఘం 2024 వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

ఏటా ఈ నివేదిక ఉగాదితో మొదలై దీపావళితో ముగుస్తుంది. ఈసారి పండగల సంగతి చివర్లో నాలుగు ముక్కల్లో చెప్పేస్తాను. 2024లో మనం ఎక్కువ టైమూ, కాస్త ఎక్కువ డబ్బూ పెట్టింది ఒక కొండ మీద. వాషింగ్టన్ రాష్ట్రంలో మన దగ్గరున్న అగ్నిపర్వతం, మౌంట్ సెయింట్ హెలెన్స్ మీద.

ఎలా మొదలైందో కొత్త సభ్యుల కోసం చెబుతాను. ఉగాది నాడు వాంకూవర్‌లో (కెనడాది కాదు, వాషింగ్టన్ రాష్ట్రంలోని మన ఊరు) హాలు బయట పార్కింగ్‌లో టీ తాగుతున్నాం. మబ్బు లేదు, కొండ స్పష్టంగా కనిపిస్తోంది. కొడుకు దగ్గరికి బనగానపల్లె వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన "ఆ కొండకి తలకాయ లేదేంటి నాయనా?" అని అడిగారు. పదేళ్లకు పైగా ఇక్కడ ఉంటున్నవాళ్లం ఆరుగురం ఉన్నాం అక్కడ. "అది పేలిందండీ" అన్నాం. ఆ తర్వాత రెండో వాక్యం ఒక్కరికీ రాలేదు. పోర్ట్‌లాండ్‌కి యాభై మైళ్ల దూరంలో ఉన్న కొండ అది. సిగ్గేసింది.

మే 18 ఈ ఏడాది శనివారం పడింది. ఆ రోజు లైబ్రరీ గదిలో పిల్లలకూ పెద్దలకూ కలిపి ఒక సభ పెట్టాం. పిల్లలే చెప్పారు, మేం విన్నాం. 1857 తర్వాత నూట ఇరవై ఏళ్లకు పైగా నిద్రపోయిన కొండ 1980 మార్చిలో కదిలింది. 20న భూకంపం, 27న ఆవిరి పేలుడు. లోపలికి చేరుతున్న శిలాద్రవం ఒత్తిడికి ఉత్తరం వైపు రోజుకు ఐదడుగుల చొప్పున ఉబ్బుతూ వచ్చింది. రెండు నెలలు చూసి చూసి జనానికి విసుగొచ్చింది. మా క్యాబిన్లలో సామాను తెచ్చుకోనివ్వమని పట్టుబట్టారు. శనివారం ఒక బ్యాచ్‌ని పోలీసులు వెంట ఉండి తీసుకెళ్లి తీసుకొచ్చారు. ఇంకో బ్యాచ్ ఆదివారం పొద్దున 10 గంటలకు బయల్దేరాలి. కొండ 8:32కి పేలింది.

5.1 తీవ్రతతో భూమి కంపించగానే ఉత్తరపు వాలు మొత్తం జారిపోయింది. చరిత్రలో నమోదైన కొండచరియల్లో అంత పెద్దది లేదు. మూత తీసిన సోడాలా లోపలి వాయువు పక్కకి తన్నింది. 230 చదరపు మైళ్ల అడవి నేలకొరిగింది. 9,677 అడుగుల కొండ 8,363 అడుగులకు దిగింది. 57 మంది చనిపోయారు. స్పిరిట్ లేక్ ఒడ్డున లాడ్జి నడిపే 83 ఏళ్ల హ్యారీ ట్రూమన్ ఎవరు చెప్పినా కదలలేదు. తన పిల్లులతో పాటు అక్కడే ఉండిపోయాడు. కొండను కనిపెట్టుకుని ఆరు మైళ్ల దూరంలో కాపలా ఉన్న 30 ఏళ్ల శాస్త్రవేత్త డేవిడ్ జాన్‌స్టన్ రేడియోలో "వాంకూవర్! వాంకూవర్! ఇదే!" అని అరిచాడు. ఆయన పిలిచింది మన వాంకూవర్‌నే. ఇప్పుడు ఇక్కడున్న అగ్నిపర్వత పరిశోధన కేంద్రానికి ఆయన పేరే పెట్టారు. ఆ మాట చెబుతున్నప్పుడు ఆరో తరగతి పిల్ల గొంతు కాస్త వణికింది. గదిలో అప్పటిదాకా ఫోన్లు చూస్తున్నవాళ్లు తలెత్తారు.

సభకు మా పక్కింటి అమెరికన్ ముసలావిడ కూడా వచ్చారు. చిన్నపిల్లల ఫుడ్ అమ్మే చిన్న గాజుసీసా ఒకటి తెచ్చి బల్ల మీద పెట్టారు. మూత మీద అతికించిన కాగితంపై పెన్సిల్‌తో "యాకిమా, మే 18, 1980" అని ఉంది. లోపల బూడిద, సిమెంటు రంగులో. మూత తీసి వేళ్ల మధ్య రుద్దితే కట్టెల పొయ్యి బూడిదలా మెత్తగా లేదు, గరగరలాడింది. ఇది రాయీ గాజూ పొడి అయినదని ఆవిడ చెప్పారు. ఆ రోజు కొండకి తూర్పున ఉన్న యాకిమా ఊళ్లో పట్టపగలు వీధి దీపాలు వెలిగాయట. ఆ ఊళ్లో బూడిద ఎత్తి పోయడానికి పది వారాలు పట్టింది. గాలి తూర్పుకు వీచింది కాబట్టి ఆ రోజుకి మన వైపు బతికిపోయింది కానీ జూన్ 12న మళ్లీ పేలినప్పుడు పోర్ట్‌లాండ్ మీదా రాలింది.

బనగానపల్లె పెద్దాయన ఆ సీసా చేతిలోకి తీసుకుని "ఇట్లాంటిది మా జ్వాలాపురంలో తవ్వుతారు" అన్నారు. మొదట ఎవరూ నమ్మలేదు. తర్వాత చూస్తే నిజమే. దాదాపు 74,000 ఏళ్ల కింద సుమత్రాలో టోబా అగ్నిపర్వతం పేలినప్పుడు పడిన బూడిద అక్కడ పొరలా ఉంది. ఆ పొర కిందా పైనా మనుషులు చేసిన రాతి పనిముట్లు దొరికాయి. ఆ రోజంతా ఆయనే హీరో.

ఇక జూన్ చివరి శనివారం యాత్ర. రెండు వ్యాన్లు, తొమ్మిది కార్లు. ముందు ఒక తప్పు ఒప్పుకోవాలి. ప్రకటనలో కొండను ఎదురుగా చూసే జాన్‌స్టన్ రిడ్జ్ అనే గట్టుకి వెళ్తున్నామని వేసింది నేనే. 2023 మేలో బురద కొట్టుకొచ్చి వంతెన పోయి, అక్కడికి దారి మూసేశారన్న సంగతి చూసుకోలేదు. పేలిన 43 ఏళ్లకు కూడా ఆ నేల కుదురుగా లేదని మనకి అనుభవంలోకి రావడం ఒక్కటే ఇందులో లాభం. కోల్డ్‌వాటర్ సరస్సు దగ్గర ఆగి, హమ్మాక్స్ దారిలో నడిచాం.

నిజానికి అదే మంచిదైంది. దారి పొడవునా గుట్టలు గుట్టలుగా దిబ్బలు, కొన్ని ఇంటంత, కొన్ని అంతకు పదింతలు. అన్నీ ఆ ఆదివారం జారిపడిన కొండ ముక్కలే. లోయ వెంట 14 మైళ్లు వచ్చి పరుచుకున్నాయి. ఒక బుడ్డోడు "అంటే మనం కొండ తలకాయ మీద నడుస్తున్నామా?" అన్నాడు. ఉగాది నాటి ప్రశ్నకు జవాబు దొరికింది. దిబ్బల మధ్య ఇప్పుడు చెరువులు, ఆల్డర్ చెట్లు. దారి పక్కన ఊదారంగు లుపిన్ పూలు. పేలిన రెండేళ్లకే, బూడిదా నురగరాయీ తప్ప ఇంకేమీ లేని మైదానంలో ముందుగా మొలిచింది ఈ జాతి మొక్కే. గుంటూరు వైపు వ్యవసాయం చేసే ఒక మామయ్యగారు ఆకు తుంపి చూసి "ఇది మన జనుము, పిల్లిపెసర లాంటిదే. గాల్లో నత్రజనిని నేలకిస్తుంది" అన్నారు. సరిగ్గా అదే. ఇంకో సాయం గోఫర్లది. మన పందికొక్కులా బొరియలు తవ్వే జీవి. నేల లోపల ఉండి బతికిపోయినవి పాత మట్టిని పైకి తోడాయి. 1983లో శాస్త్రవేత్తలు కొన్నింటిని తెచ్చి బంజరు మీద ఒక్క రోజు వదిలితే ఆరేళ్లకు అక్కడ 40,000 మొక్కలున్నాయి. పందికొక్కును మెచ్చుకోవడం తన జన్మలో ఇదే మొదలన్నారు మామయ్యగారు.

తిరుగు ప్రయాణంలో టూటిల్ నది చూశారు కదా, బూడిద రంగు నీళ్లు. అందరికీ పువ్వులు గుర్తున్నాయి, నాకు ఆ నీళ్లే గుర్తున్నాయి. కొండ పేలిన రోజు ఈ నది వెంట వచ్చిన బురదకు కొలంబియా నదిలో 40 అడుగుల ఓడల దారి 14 అడుగులకు పూడిపోయింది. పైనుంచి మట్టి ఇప్పటికీ దిగుతూనే ఉంది. దాన్ని ఆపడానికి 1989లో ఆనకట్ట కట్టారు, తర్వాత దాని పొర్లుకట్టును ఎత్తు పెంచారు. సాల్మన్ చేపలు దాన్ని ఎక్కలేవు కాబట్టి కింద పట్టి లారీల్లో పైకి తీసుకెళ్లి వదులుతారు. పైన స్పిరిట్ లేక్‌కి బయటికి దారి మూసుకుపోతే 1985లో 8,465 అడుగుల సొరంగం తవ్వారు. సొరంగానికి ఏమన్నా అయితే నీళ్లు కాసిల్ రాక్, కెల్సో, లాంగ్‌వ్యూల మీద పడతాయి. మన సభ్యుల్లో నలుగురివి ఆ వైపు ఇళ్లే. అందుకే కమిటీ సాంస్కృతిక నిధి నుంచి కొంత తీసి ప్రతి కుటుంబానికీ మాస్కులు, కళ్లద్దాలు, టార్చి ఉన్న ఒక సంచి ఇచ్చింది. "డ్యాన్స్ డబ్బులు మాస్కులకా?" అని ఇద్దరు అడిగారు. అడగడం న్యాయమే, జనరల్ బాడీలో ఓటుకు పెడదాం. ఈలోగా ఒక్కటి గుర్తుంచుకోండి: బూడిద పడితే కారు వైపర్లు పొడిగా వేయొద్దు, అద్దం గీసుకుపోతుంది.

మిగతావి. ఉగాది పచ్చడి సరిపోయింది, పులిహోర సరిపోలేదు. బతుకమ్మకు వాన. వినాయక చవితికి మట్టి విగ్రహాలు. దీపావళి ఎప్పటిలాగే ఆలస్యంగా మొదలైంది. లెక్కలు కోశాధికారి పంపిన కాగితంలో ఉన్నాయి, ఆడిట్ అయ్యింది.

బూడిద సీసాను పక్కింటావిడ మన సంఘానికే ఇచ్చేశారు. ప్రస్తుతం మా ఇంట్లో టీవీ పక్కన ఉంది. మూత ఒకసారి మా చిన్నవాడు తీశాడు, కార్పెట్ ఇంకా శుభ్రం కాలేదు. జనవరిలో కొత్త కార్యదర్శికి మినిట్స్ పుస్తకంతో పాటు అప్పగిస్తాను. మూతకు టేపు వేశాను, తీయొద్దు.

ఇట్లు,
కార్యదర్శి