పాట కింద పేరు ఉండాలి

సంపాదకుల వారికి నమస్కారములు.

గత వారం మీ పత్రిక ఆధ్యాత్మిక పుటలో ‘నడిపించు నా నావా’ పాటను ప్రచురించారు. తెలుగు క్రైస్తవుల ఇళ్లలో పెళ్లికీ చావుకీ కూడా వినిపించే ఆ పాటను మీరు అచ్చు వేసినందుకు ఎంతో సంతోషించాను. అయితే పాట కింద దానిని ఈమధ్య పాడినవారి ప్రస్తావన ఉంది గాని, రాసిన ఎ.బి. మాసిలామణి గారి పేరు ఎక్కడా కనిపించలేదు. ఇది మీ ఒక్కరి పొరపాటు అయితే నేను ఈ ఉత్తరం రాసేవాణ్ణి కాదు. నేను నలభై ఏళ్లుగా సంఘంలో గాయక బృందంతో పాడుతున్నాను. పాట కింద కవి పేరు మాయమైపోవడం నా కళ్లముందే జరిగింది. మా చిన్నతనంలో ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరిస్తే ప్రతి కీర్తనకూ రాగం, తాళం, రాసినవారి పేరు ఉండేవి. ఆ తరువాత వచ్చిన చిన్న చిన్న పాటల పుస్తకాలు ముందు రాగతాళాలను వదిలిపెట్టాయి, ఆ పిమ్మట పేర్లను వదిలిపెట్టాయి. ఇప్పుడు ఆరాధనలో గోడమీద తెరపై పదాలు కదులుతాయి, పాట ముగియగానే తెర ఖాళీ అవుతుంది. రాసిన మనిషి ఎవరో తెలుసుకునే దారి కూర్చున్నవారికి లేదు.

“మహిమ దేవునికి చెందాలి, మనిషి పేరుతో మనకేం పని?” అని మా సంఘంలోనే ఒక పెద్దాయన నాతో అన్నారు. ఆయన భక్తిని నేను శంకించను. కాని మనం చేతపట్టుకునే బైబిలులోని కీర్తనల గ్రంథమే ఈ మాటకు జవాబు చెబుతోంది. ‘దావీదు కీర్తన’, ‘ఆసాపు కీర్తన’, ‘కోరహు కుమారులది’ అని ఎన్నో కీర్తనల తలమీద పేర్లు ఉన్నాయి. 90వ కీర్తనకైతే ‘దైవజనుడైన మోషే చేసిన ప్రార్థన’ అని రాసి ఉంది. దేవుని స్తుతికి పేరు అడ్డమైతే ఆ పేర్లు ఇన్ని వందల ఏళ్లు నిలిచి ఉండేవి కావు. మన వాగ్గేయకారులు మరో మార్గం ఎంచుకున్నారు. త్యాగయ్య తన పేరును ఆఖరి చరణంలో పొదిగాడు, క్షేత్రయ్య మువ్వగోపాలుణ్ణి ముద్రగా వాడుకున్నాడు, అన్నమయ్య వేంకటేశుని పేరుతోనే తన పదాన్ని గుర్తు పట్టించాడు. పాటను పుస్తకం నుంచి విడదీసినా కర్త పాటలోనే ఉంటాడు. సువార్త గీతాలలో చాలావాటికి ఇటువంటి ముద్ర లేదు. కాబట్టి కింద అచ్చు వేసే ఆ ఒక్క పంక్తి పోతే కవి పూర్తిగా పోయినట్టే.

ఈ మాట అతిశయోక్తి కాదు. మనం తెలుగులోకి తెచ్చుకుని పాడుకుంటున్న అమెరికా, ఐరోపా సువార్త గీతాల చరిత్రలోనే దీనికి ఎన్నో నిదర్శనాలున్నాయి.

1874లో అమెరికా సువార్త ప్రసంగీకులు డి.ఎల్. మూడీ గారు, ఆయనతో పాటు పాటలు పాడే ఐరా శాంకీ గారు స్కాట్లాండులో సువార్త సభలు జరుపుతున్నారు. గ్లాస్గో నుంచి ఎడింబరోకు రైలెక్కేముందు, అమెరికా వార్తలేమైనా దొరుకుతాయేమోనని శాంకీ గారు స్టేషనులో ఒక పెన్నీ పెట్టి వార్తాపత్రిక కొన్నారు. అందులో ఒక మూల తప్పిపోయిన గొఱ్ఱెను గురించిన కవిత కనిపించింది. లూకా సువార్త 15వ అధ్యాయంలో ప్రభువు చెప్పిన ఉపమానమే అది. తొంబది తొమ్మిది గొఱ్ఱెలను విడిచి ఒక్కదాని కోసం వెళ్లిన కాపరి కథ. దానిని మూడీ గారికి చదివి వినిపిస్తే ఆయన తనకు వచ్చిన ఉత్తరంలో మునిగిపోయి ఒక్క ముక్కా వినలేదట. శాంకీ గారు ఆ ముక్కను కత్తిరించి దాచుకున్నారు. ఎడింబరో సభలో మూడీ గారు మంచి కాపరిని గురించి ప్రసంగించి, దానికి తగిన పాట ఒకటి పాడమని అడిగారు. శాంకీ గారు ఆ పత్రిక ముక్కను హార్మోనియం మీద పెట్టుకుని, అప్పటివరకు బాణీయే లేని ఆ కవితకు పాడుతూనే స్వరం కట్టారు. ఆ వివరాలన్నీ ఆయన స్వయంగా రాసిపెట్టినవే.

ఆ కవిత రాసిన ఎలిజబెత్ క్లెఫేన్ అప్పటికి ఐదేళ్ల కిందటే, 1869లో మరణించింది. మెల్రోస్ అనే చిన్న ఊళ్లో బతికిన ఆమె తన పాట సభలలో మారుమోగడం వినలేదు. ఆమె సోదరి శాంకీ గారికి ఉత్తరం రాయడం వల్ల రచయిత్రి ఎవరో ఆయనకు తెలిసింది. సంపాదక మహాశయా, వార్తాపత్రిక మూలన పడిన ఒక కవిత లోకమంతా తిరగగలిగింది, ఒక ఉత్తరం దాని కర్త్రి పేరును నిలబెట్టింది. మీకు ఈ ఉత్తరం రాయడానికి నాకు ధైర్యమిచ్చిన సంగతి ఇదే.

ఫ్యానీ క్రాస్బీ గారి విషయం ఇంకా విచిత్రమైనది. 1820లో న్యూయార్క్ రాష్ట్రంలో పుట్టిన ఆమెకు ఆరు వారాల పసికందుగా ఉండగానే కళ్లకు జబ్బు చేసి చూపు పోయింది. న్యూయార్క్ నగరంలోని అంధుల పాఠశాలలో చదువుకుని, అక్కడే పాఠాలు చెప్పారు. ఆమె 8000కు పైగా సువార్త గీతాలు రాశారని లెక్క. పాట మొత్తాన్ని మనసులోనే అల్లుకుని, దిద్దుకుని, ఆ తరువాత ఎవరిచేతనైనా రాయించేవారు. 1868లో డబ్ల్యూ.హెచ్. డోన్ అనే స్వరకర్త తన రైలుకు 40 నిమిషాలు వ్యవధి ఉందనగా వచ్చి కొత్త బాణీ వినిపిస్తే, ఆ కాస్త సమయంలోనే దానికి పదాలు కట్టి ఇచ్చి పంపారు. ‘యేసు చేతులలో క్షేమముగా’ అనే భావంతో సాగే ఆ పాట పిల్లలను పోగొట్టుకున్న ఎందరో తల్లులకు ఓదార్పు అయింది. బాణీ ముందు, మాట తరువాత అనే పద్ధతి మన సినిమా కవులకు కొత్త కాదు గాని, చూపులేని మనిషి అరగంటలో ఆ పని చేయడం తలచుకుంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యంగానే ఉంటుంది.

ఇంత రాసిన ఆమె పేరు పుస్తకాలలో ఎందుకు తక్కువగా కనిపిస్తుంది? ఒకే పుస్తకంలో ఇన్ని పాటలు ఒకే మనిషివని తెలిస్తే బాగుండదని ప్రచురణకర్తలు అనుకోవడంతో, ఆమె రచనలు దాదాపు 200 కలం పేర్లతో, పొడి అక్షరాలతో వెలువడ్డాయి. పాటకు ఒకటి రెండు డాలర్లు ఇచ్చి, పేరును కూడా ఇలా పంచిపెట్టారన్నమాట. 1915లో ఆమె కన్నుమూసిన బ్రిడ్జిపోర్టులో ఆమె సమాధిపై చిన్న రాయి పెట్టి, దానిమీద ‘ఆంట్ ఫ్యానీ’ అని, మార్కు సువార్తలోని ‘ఈమె తన శక్తికొలది చేసెను’ అన్న మాటను చెక్కించారు. ఏ పాట ఏ కలం పేరుతో దాగి ఉందో తేల్చడానికి తరువాతివాళ్లు ఎంతో శ్రమపడవలసి వచ్చింది.

యేసును మించిన స్నేహితుడు లేడని చెప్పే ప్రసిద్ధ గీతాన్ని రాసిన జోసెఫ్ స్క్రివెన్ ఐర్లాండులో పుట్టి కెనడాకు వలసవెళ్లినవాడు. దుఃఖంలో ఉన్న తల్లికి ఊరటగా ఆ పదాలు రాశాడు. అచ్చయినప్పుడు పేరు లేకపోవడంతో ఆ పాటను కొంతకాలం హొరేషియస్ బోనర్ అనే మరో కవికి అంటగట్టారు. “ఇది నువ్వు రాసిందేనా?” అని పొరుగువాడు అడిగితే “ప్రభువూ నేనూ కలిసి రాశాం” అన్నాడట. ఆయన వినయం ఆయనది. ఆ వినయాన్ని సాకుగా తీసుకుని మనం పేరు తీసివేయకూడదు. 1932లో భార్యనూ, అప్పుడే పుట్టిన బిడ్డనూ పోగొట్టుకుని, ‘ప్రశస్తమైన ప్రభువా, నా చేయి పట్టుకో’ అని రాసిన నల్లజాతి సంగీతకారుడు థామస్ ఎ. డార్సీ పాటను, టామీ డార్సీ అనే తెల్లజాతి బ్యాండు నాయకుడిదని పొరబడినవాళ్లు ఉన్నారు. మార్టిన్ లూథర్ కింగ్ అంత్యక్రియల రోజున మహేలియా జాక్సన్ పాడింది ఈ పాటనే.

ఇక మన ఇంటి సంగతి. పర్లాకిమిడి ప్రాంతంలో 1803లో బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి, క్రైస్తవం స్వీకరించి, 1890 వరకు జీవించిన పురుషోత్తమ చౌదరి గారు కర్ణాటక రాగాలలో తెలుగు కీర్తనలు రాశారు. పాశ్చాత్య బాణీలకు తెలుగు పదాలు అతికించుకుని పాడే రోజుల్లో, మన చెవికి పట్టే పల్లవి, చరణాలతో క్రీస్తును కీర్తించవచ్చునని చూపినవారిలో ఆయన అగ్రగణ్యులు. మా గాయక బృందంలోని యువతీయువకులను ఆయన ఎవరని అడిగితే ఒక్కరూ చెప్పలేకపోయారు. తప్పు వాళ్లది కాదు. వాళ్ల చేతిలోని ఫోనులో పాట ఉంది, పేరు లేదు. అనువాద గీతాలకైతే నష్టం రెండింతలు. మూలం రాసినవారి పేరూ పోతుంది, తెలుగులో ఆ ఛందస్సుకు మాటలు కూర్చడానికి ఎంతో శ్రమించిన అనువాదకుని పేరూ పోతుంది.

మా ఒంగోలుకు సంబంధించిన మరొక మాట కూడా చెప్పాలి. 1853లో అమెరికన్ బాప్టిస్టులు ఆల్బనీ నగరంలో సమావేశమై, ఫలితం కనిపించని నెల్లూరు మిషనును మూసివేయాలా అని చర్చించినప్పుడు, పటంలో నెల్లూరు దగ్గర ఒంటరిగా ఉన్న ఒక్క నక్షత్రాన్ని చూసి ‘ఒంటరి తారా, వెలుగుతూనే ఉండు’ అని కవిత రాసిన ఎస్.ఎఫ్. స్మిత్ గారు కూడా కీర్తనకారుడే. మిషను నిలిచింది. 25 ఏళ్లకు, 1878 జులై 3న, గుండ్లకమ్మ నదిలో 2222 మంది బాప్తిస్మం పొందారు. అప్పటి ఒంగోలు మిషనరీ క్లౌ దొరగారి పేరు మా ప్రాంతంలో ముసలివాళ్లందరికీ తెలుసు. స్మిత్ గారి పేరు మాత్రం ఎవరి నోటా వినను.

పాటల పుస్తకాలు అచ్చువేసేవారిని, ఆరాధనలో తెరలు నడిపే పిల్లలను, ఇంటర్నెట్టులో పాటలు పెట్టేవారిని నేను కోరేది ఒక్కటే: పాట చివర రచయిత, స్వరకర్త, అనువాదకుడు అనే మూడు పేర్లలో తెలిసినవి రాయండి, తెలియనిచోట పాడినవారి పేరుతో ఆ ఖాళీని నింపకండి. పాత కీర్తనల పుస్తకాలు చినిగిపోయాయని పారవేయబోయే సంఘాలు, ముందుగా ఒక మనిషిని కూర్చోబెట్టి కీర్తనల కింద ఉన్న పేర్లను ఎత్తి రాయించుకోవాలి.

మీ పత్రికకు నా మనవి ఇంకా చిన్నది. వచ్చే వారం అదే పుటలో, అదే అక్షరాల పరిమాణంలో, ‘నడిపించు నా నావా: రచన ఎ.బి. మాసిలామణి’ అని ఒక్క పంక్తి ప్రచురించండి.

ఇట్లు,
మీ పాఠకుడు,
విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు,
ఒంగోలు.