రెండు పడవలు వదిలేసిన రోజు

చి.ల.సౌ. అమ్మాయికి నాన్న దీవించి రాయునది.

మేమిద్దరం విజయనగరం క్షేమంగా చేరాం. అల్లుడుగారు కొనిచ్చిన సూట్‌కేసుకి ఒక చక్రం హైదరాబాదులో ఊడింది, అంతకుమించి నష్టం లేదు. మీ అమ్మ రాగానే చారు కాచుకుని రెండు గ్లాసులు తాగింది. ఆ దేశాల రొట్టెల మీద ఆవిడ అభిప్రాయం నీకు ఎలాగూ ఫోన్‌లో చెప్పి ఉంటుంది.

ఫోన్‌లో మాట్లాడుకుంటున్నాం కదా, ఈ కాగితాలెందుకని నవ్వుతావు. ఫోన్‌లో అయితే సగం చెప్పేసరికి నువ్వు "సరేలే నాన్నా, పోనీ" అంటావు, నేను ఆగిపోతాను. ఇది ఆగకుండా చెప్పాల్సిన సంగతి.

గ్రీసులో, క్రీట్‌లో ఆ పడవ రోజు గుర్తుందా? ముందురోజు ఎండలో ఆడి బుజ్జిగాడికి ఒళ్ళు వెచ్చబడింది. నువ్వూ అమ్మా వాడి దగ్గర ఆగిపోయి, నన్నొక్కడినే ఎలుండా రేవుకి తీసుకెళ్ళి, టికెట్ చేతిలో పెట్టి ఎక్కించావు. టికెట్ ధరని రూపాయల్లోకి మార్చుకోవద్దని వార్నింగ్ కూడా ఇచ్చావు. (మార్చుకున్నాను.) పది గంటలకి వెళ్ళినవాణ్ణి గంటన్నరలో వచ్చేయాలి. రెండు పడవలు వదిలేసి మూడోదాంట్లో వచ్చాను. నీ ముఖం పాలిపోయి ఉంది. "ఎలా ఉంది నాన్నా ద్వీపం?" అంటే "బాగుంది" అన్నాను. అంతే. నీకు కోపం వచ్చిందని తెలుసు. మూడు గంటలసేపు టెన్షన్ పెట్టినవాడు ఒక్క మాట చెప్పి చేతులు కడుక్కున్నాడు మరి.

పడవ ప్రయాణం నిజంగానే బాగుంది. ఆ నీళ్ళు మన భీమిలి నీళ్ళలా కావు. అలల హోరు లేదు. ఆటుపోట్లు లేనట్టే ఉంటాయి కాబట్టి రేవు గట్టుకీ పడవ అంచుకీ జానెడు తేడా, నాలాంటివాడు కూడా ఎవరి చెయ్యీ పట్టుకోకుండా ఎక్కొచ్చు. కొంచెం దూరంలో పాత ఉప్పుమళ్ళు ఉన్నాయి, ఒకప్పుడు క్రీట్‌ని ఏలిన వెనిస్ వాళ్ళ కాలం నాటివి. గట్లు కట్టిన తీరు చూస్తే మన ఉప్పుమళ్ళ నౌపడలో రైలు దిగినట్టే అనిపించింది. ఆ పక్కనే ఒలూస్ అనే పురాతన నగరం సముద్రంలో మునిగి ఉందట. పడవవాడు మైకులో చెప్పగానే అందరూ ఒక్క పక్కకి వంగారు, పడవ కూడా వంగింది. నాకైతే రాళ్ళు తప్ప ఏమీ కనిపించలేదు.

పావుగంటలో ద్వీపం. స్పినాలోంగా. నువ్వు "ఏదో పాత కోట నాన్నా" అన్నావు. దూరం నుంచి కోటే. నీళ్ళలోంచి నేరుగా లేచిన గోడ, గుండ్రటి బురుజు. 1579లో వెనిస్ వాళ్ళు మొదలుపెట్టారు. క్రీట్ దాదాపు అంతా టర్కీవాళ్ళ చేతికి పోయినా ఈ రాతిముక్క 1715 దాకా లొంగలేదు. బొబ్బిలివాళ్ళకి చెప్పాల్సిన కథ అనుకుంటూ దిగాను.

దిగినచోట ఒక బోర్డు. లెప్రసీ అనే మాట ఎంత చిన్న అక్షరాల్లో ఉన్నా నా కళ్ళకి ముందు అదే తగులుతుంది. ఇరవై ఏళ్ళు ఆ మాటే తిండి పెట్టింది. ఆ గోడల వెనక 1904 నుంచి 1957 దాకా కుష్ఠురోగుల్ని ఉంచారు.

నీకు నా ఉద్యోగం గురించి సరిగ్గా తెలీదు. తెలియకుండా చూసింది నేనే. స్కూల్ ఫారంలో తండ్రి ఉద్యోగం అన్నచోట "హెల్త్ డిపార్ట్‌మెంట్" అని రాయించాను. 1984లో చేరినప్పుడు నా హోదా పారామెడికల్ వర్కర్, లెప్రసీ. సైకిల్ మీద ఊరూరూ తిరిగి, ఇంటింటికీ వెళ్ళి, చొక్కా విప్పించి మచ్చలు వెతకాలి. కళ్ళు మూసుకోమని, దూదితోనో పెన్ను మొనతోనో మచ్చని తాకి, ఎక్కడ తాకానో వేలు పెట్టి చూపించమనాలి. చూపించలేకపోతే కేసు. మోచేతి దగ్గర నరం లావెక్కిందేమో తడిమి చూడాలి. చెవి తమ్మె నుంచి పరీక్షకి స్మియర్ తీయాలి. అప్పుడప్పుడే మూడు మందులు కలిపిన ఎండీటీ వచ్చింది. అందులో ఒకటి వేసుకుంటే ఒళ్ళు నల్లబడేది, ఇంకొకటి వేసుకుంటే మూత్రం ఎర్రగా వచ్చేది. జనం భయపడి మాత్రలు పెంటలో పారేసేవాళ్ళు. మందు మొదలుపెట్టిన కొద్దిరోజులకే ఆ మనిషి నుంచి ఇంకొకరికి అంటదని, అసలు నూటికి తొంభై మందికి పైగా ఈ జబ్బుని తట్టుకునే శక్తి పుట్టుకతోనే ఉంటుందని రచ్చబండ దగ్గర చార్టు పట్టుకుని చెప్పేవాణ్ణి. బాగా చెప్పేవాడినని పేరు కూడా ఉండేది.

ద్వీపంలోకి ఒక సొరంగంలాంటి దారిలోంచి వెళ్ళాలి. దానికి డాంటే ద్వారం అని పేరు. ఇటలీ కవి రాసిన నరకద్వారం అన్నమాట. లోపలికి పోయినవాడు తిరిగి రాడని. వెలుగులోంచి చీకట్లోకి, మళ్ళీ వెలుగులోకి. అటు తేలేసరికి మామూలు వీధి! రెండు పక్కలా కొట్లు, చెక్క తలుపులు, మేడమెట్లు. ఎవరు కట్టారంటే టర్కీ పాలనలో కాపురమున్న ముస్లిం కుటుంబాలు. క్రీట్ స్వయంపాలనలోకి వచ్చాక, 1903లో రోగుల్ని ఇక్కడికి చేర్చాలని ప్రభుత్వం తీర్మానించింది. ఊరుబయట గుడిసెల్లో అడుక్కుని బతుకుతున్నవాళ్ళ పీడా వదులుతుంది, మిగిలిన ముస్లింలూ ద్వీపం ఖాళీ చేస్తారు. ఒక్క దెబ్బకి రెండు పనులు. ప్రభుత్వంలో పనిచేసినవాణ్ణి కాబట్టి ఆ తెలివి నాకు వెంటనే అర్థమైంది.

ఇంగ్లీషులో చెప్తున్న ఒక గైడు వెనకాల డబ్బు కట్టకుండా నడిచాను. మొత్తం ఇరవై ఎకరాల పైచిలుకు నేల. ఒక దశలో నాలుగు వందల మంది దాకా ఉన్నారట. మొదట్లో చెప్పుకోదగ్గ వైద్యం లేదు, వాన నీళ్ళు పట్టుకునే తొట్లు, నెలకింత భత్యం. ఎదురుగా ప్లాకా అనే పల్లె, చెయ్యి ఊపితే కనిపించేంత దగ్గర. సాయంత్రం అక్కడి వంట పొగ కూడా ఇటువైపు వచ్చి ఉంటుంది. మన రోగుల్ని ఊరవతల ఉంచేవాళ్ళు కదా, వాళ్ళకీ ఊరు కనిపిస్తూనే ఉండేది.

ద్వారం దగ్గర ఒక గది ఉంది. ద్వీపం నుంచి బయటికి పోయే వస్తువుల్నీ, ఉత్తరాల్నీ, డబ్బునీ శుద్ధి చేసిన చోటు. పల్లెవాళ్ళు కూరలు, గుడ్లు తెచ్చి అమ్మేవాళ్ళు, చిల్లర మాత్రం శుద్ధి చేశాకే ముట్టుకునేవాళ్ళు. గైడు ముందుకి సాగిపోయాడు, నేను అక్కడే నిలబడిపోయాను. మొదటి పడవ అప్పుడు పోయింది.

అమ్మలూ, మన కొత్తపేట ఇంట్లో దొడ్లో నుయ్యి గుర్తుందా? సాయంత్రం నేను సైకిల్ దిగగానే నువ్వు పరిగెత్తుకొచ్చేదానివి. నేను చేతులు వెనక్కి పెట్టుకుని "ఆగు, స్నానం కానీ" అనేవాణ్ణి. నీళ్ళల్లో డెట్టాల్ వేసుకుని పోసుకుని, బట్టలు అక్కడే విడిచి, అప్పుడు ఎత్తుకునేవాణ్ణి. నాన్న వాసన అంటే డెట్టాల్ వాసన అని నువ్వు పెళ్ళిలో మీ అత్తవారికి చెప్పి అందరినీ నవ్వించావు. నేనూ నవ్వాను. నువ్వది నా శుభ్రత అనుకున్నావు. మీ మామ్మ పెట్టిన నియమం అది, కానీ నెపం ఆవిడ మీదకి నెట్టను. ఆవిడ పోయాక కూడా ఆరేళ్ళు మానలేదు. పొద్దున్న ఊళ్ళో "అంటదు" అని చార్టు చూపించిన చేతుల్నే సాయంత్రం కడుక్కునేవాణ్ణి.

ఇంకొకటి. గంట్యాడ వైపు ఒక పల్లెలో ఒక ముసలమ్మ. మందు కోర్సు పూర్తయింది, మా భాషలో ఆర్‌ఎఫ్‌టీ అయింది. వేళ్ళు అప్పటికే వంకరపోయాయి, అవి మందుతో తిరిగి రావు. ఆ రోజు ఆవిడకి ఎంసీఆర్ చెప్పులు ఇవ్వడానికి వెళ్ళాను. అరికాలికి స్పర్శ లేనివాళ్ళకి మెత్తటి రబ్బరు చెప్పులు ఇచ్చేవాళ్ళం. ఆవిడ పెరట్లో పనసపండు కోసి, ఆ వేళ్ళతోనే తొనలు ఒలిచి, అరిటాకులో కట్టి, "బావూ, నీకు గుంట ఉందన్నావు కదేటి, పట్టుకెళ్ళు" అంది. రెండు చేతులతో తీసుకున్నాను. ఊరు దాటాక తూము దగ్గర సైకిల్ ఆపి, వెనకా ముందూ చూసి, కాలవలో పడేశాను. ఆకు విప్పుకుపోయి తొనలు తేలాయి. ఆవిడకి జబ్బు లేదని సంతకం పెట్టింది ఆ పొద్దున్నే. ఇంటికొస్తే నువ్వు "ఏం తెచ్చావు" అని అడిగావు. నాలుగేళ్ళు నీకు.

ఇది మీ అమ్మకి కూడా చెప్పలేదు. ఆ గది ముందు నిలబడి, ప్లాకా వాళ్ళని తప్పుపట్టడానికి నాకు నోరు రాలేదు. వాళ్ళకి తెలీదు. నాకు తెలుసు.

మిగతాది త్వరగా చెప్తాను. అక్కడి కథలో ఒక కుర్రాడు నాకు బాగా నచ్చాడు. రెమౌందాకిస్ అని, లా చదువుతుండగా జబ్బు బయటపడింది. 1936లో ద్వీపానికి తెచ్చారు. వచ్చి ఏడుస్తూ కూర్చోలేదు, రోగులందరినీ కూడగట్టి సంఘం పెట్టాడు. ఇళ్ళకి సున్నం వేయించారు, చెట్లు నాటారు, నాటకాలు ఆడారు, ప్రభుత్వం మీద పేచీ పెట్టుకున్నారు. పెళ్ళిళ్ళు చేసుకున్నారు, పిల్లల్ని కన్నారు. మా శాఖలో ఏ సమావేశంలోనైనా రోగులకి ఏం కావాలో మేమే మాట్లాడేవాళ్ళం, వాళ్ళు గోడవారన కూర్చుని వినేవాళ్ళు. ఈ కుర్రాడు మా జిల్లాలో పుట్టి ఉంటే మా ఆఫీసర్లకి నిద్ర ఉండేది కాదు.

1940లలో ఈ జబ్బుకి పనిచేసే సల్ఫోన్ మందులు వచ్చాయి. 1957లో చివరి రోగుల్ని ఏథెన్స్ ఆసుపత్రికి తీసుకెళ్ళి ద్వీపం ఖాళీ చేశారు. వాళ్ళని చూసి మనం గొప్పపోనక్కర్లేదు. మన దేశంలో రోగుల్ని వేరుచేసి ఉంచే 1898 నాటి లెపర్స్ చట్టం 2016 దాకా రద్దు కాలేదు. కుష్ఠు ఉందని విడాకులు అడిగే వీలు 2019లో తీసేశారు. 2005 చివరికి పదివేల మందికి ఒక్క కేసు కన్నా తక్కువకి తెచ్చాం అని ప్రకటించుకున్నప్పుడు మా వాళ్ళం స్వీట్లు పంచుకున్నాం. ఇప్పటికీ ప్రపంచంలో ఏటా బయటపడే కొత్త కేసుల్లో సగానికి పైగా మన దేశంలోవే.

రెండో పడవ పోయింది శ్మశానం దగ్గర. ద్వీపం అవతలి వైపు, సముద్రం మీదకి వాలినట్టు, సిమెంటు పలకల కింద సమాధులు. పేర్లు లేవు. రోగులంతా వెళ్ళిపోయాక కూడా ఒక పూజారి ఇక్కడే ఉన్నాడట. వాళ్ళ ఆచారంలో పోయినవాళ్ళకి నలభయ్యో రోజు, ఆర్నెల్లకి, ఏడాదికి, మూడేళ్ళకి, అయిదేళ్ళకి ప్రార్థనలు జరపాలి, మన మాసికాలూ సంవత్సరీకాలూ ఉన్నట్టే. చివరగా పోయినవాళ్ళకి అయిదేళ్ళూ నిండేదాకా ఉండి, 1962లో పడవెక్కాడు. నేను పుట్టిన సంవత్సరం. ఆ పక్కన నీడలో కూర్చున్నాను. దాహం వేస్తోంది, ఎవరో జర్మన్ పిల్ల తన సీసా ఇచ్చింది. సీసా ఎత్తిపట్టి తాగుతుంటే "ఫరవాలేదు, మూతి పెట్టి తాగండి" అని సైగ చేసింది. మూతి పెట్టే తాగాను.

నువ్వు రేవులో నిలబడి ఉన్నావు. అక్కడే కొట్లో నువ్వులూ తేనే కలిపిన పట్టీ కొన్నాను, మన నువ్వుజీడిలాంటిదే. నువ్వు కోపంగా ఉండి కూడా సగం తిన్నావు.

ఇక చివరిది, ఇది చదివి నన్ను తిట్టు. బుజ్జిగాడి ఎడమ బుగ్గ మీద తెల్లటి పొడ ఉందని వారం ముందు నుంచీ నువ్వు అంటున్నావు కదా. ఆ రాత్రి నువ్వు వంటగదిలో ఉన్నప్పుడు వాణ్ణి ఒళ్ళో కూర్చోబెట్టుకుని ఆట ఆడదామన్నాను. కళ్ళు మూసుకోమన్నాను. మీ అమ్మ మందుల పెట్టెలోంచి దూది తీసి, సన్నగా పేని, ఆ మచ్చ మీద తాకించాను. ఎక్కడ తాకానో చూపించమన్నాను. నా చెయ్యి వణికింది తల్లీ, ఇరవై ఏళ్ళలో ఏ ఇంటి ముందూ అలా వణకలేదు. వాడు వేలు సరిగ్గా అక్కడే పెట్టి, కితకితలు పెట్టకు తాతా అని కిలకిలా నవ్వాడు. ఇంకోసారి ఆడదామన్నాడు. నాలుగుసార్లు ఆడాం.

అది ఎండకి వచ్చిన పొడ. స్నానం చేయించాక కొబ్బరినూనె రాయి, టోపీ పెట్టి బయటికి పంపు.

అల్లుడుగారికి నా ఆశీస్సులు. సూట్‌కేసు చక్రం సంగతి ఆయనకి చెప్పకు.

ఇట్లు,
మీ నాన్న