పాత మిలిటరీ బండ్లకు మెరుపు రంగులు వద్దు

ఎడిటర్ గారికి నమస్కారం.

పంద్రాగస్టు దగ్గర పడుతోంది కాబట్టి ఈ సంగతి ఇప్పుడే రాస్తున్నాను, రంగు డబ్బాలు కొన్నాక రాసి లాభం లేదు. మన దగ్గర కాలేజీ గేటు ముందో, పార్కులోనో ఒక పాత మిలిటరీ బండి గానీ ఫిరంగి గానీ ఉందంటే చాలు, జెండా పండుగ వస్తుందనగానే ఎవరో ఒక పెయింటర్‌ను పిలిచి నిగనిగలాడే ఆకుపచ్చ ఎనామిల్ కొట్టించేస్తారు. గొలుసులకు వెండి రంగు, చక్రాల మధ్యలో ఎరుపు, గొట్టం చివర తెల్ల పట్టీ. మర్నాడు పేపర్లో ఫొటో వస్తుంది, కొత్త కళ వచ్చిందని కింద రాస్తారు. మీ పేపర్లో కూడా అలాంటి ఫొటోలు చూశాను. చేయించేవాళ్ళు సైనికుల మీద గౌరవంతోనే చేయిస్తున్నారు, అందులో నాకు అనుమానం లేదు. కానీ ఆ రంగు బండిని కాపాడటం లేదు, పాడు చేస్తోంది.

నేను ఆర్మీలో ఈఎంఈ కోర్‌లో పెయింటర్‌గా చేసి రిటైరయ్యాను. బండ్లు, ట్యాంకులు, తుపాకులు, రేడియో సెట్లు రిపేరు చేసే కోర్ అది, 1943లో మొదలైంది, దాని కాలేజీ మన సికింద్రాబాద్ తిరుమలగిరిలోనే ఉంది. ఇప్పటికీ ఆర్మీ వాడి తీసేసి వేలం వేసే డిస్పోజల్‌లో కొన్న జీపులు, జోంగాలు (జీపు లాంటివే ఇంకో రకం మిలిటరీ బండ్లు) ఎవరైనా తీసుకొస్తే పని చేసిపెడుతుంటాను. అందుకే ఇంత ధైర్యంగా రాస్తున్నాను.

మిలిటరీ బండి మీద వేసే రంగు మెరవకూడదు, మెరిస్తే ఎండలో కిలోమీటర్ల దూరం నుంచే కనబడిపోతుంది. అందుకని ఆ రంగులో పొడి ఎక్కువ, బంక తక్కువ ఉండేట్టు తయారు చేస్తారు. ఆరాక పైపొర సన్నగా గరుకుగా ఉంటుంది, పడ్డ వెలుగును అన్ని వైపులకూ చెదరగొడుతుంది. మ్యాట్ అనేది అదే. ఈ ఒక్క సంగతి తెలిస్తే మిగతావన్నీ వాటంతట అవే తెలుస్తాయి. కారు పాలిష్ పెట్టి రుద్దారనుకోండి, ఆ గరుకుతనం అరిగిపోయి అక్కడక్కడా మెరిసే మచ్చలు పడతాయి, అవి మళ్ళీ పోవు. వ్యాక్స్ పెడితే ఆ సన్నటి గుంతల్లో ఇరుక్కుని తెల్లగా తేలుతుంది. రంగును అరగదీసి నునుపు చేసే రబ్బింగ్ కాంపౌండ్ సంగతి చెప్పనే అక్కర్లేదు. అన్ని పాత బండ్లూ మ్యాటే అని కూడా అనుకోవద్దు, రెండో ప్రపంచ యుద్ధం తర్వాత బ్రిటిష్‌వాళ్ళు నిగనిగలాడే ముదురు ఆకుపచ్చ రంగు వేసిన బండ్లు కూడా ఉన్నాయి. కాబట్టి ముందు ఆ బండి రంగు ఏదో తెలుసుకోవాలి, తర్వాతే చేయి పెట్టాలి.

ఇక కడగడం. మన జిల్లాల్లో అన్నిటికంటే ఎక్కువ నష్టం ఇక్కడే జరుగుతోంది, దానికి కారణం నీళ్ళు. నల్గొండ బోరు నీళ్ళంటే అందరికీ ఫ్లోరైడ్ గుర్తొస్తుంది, రంగును పాడు చేసేది మాత్రం ఆ నీళ్ళలో ఉండే సున్నం. ఆ నీళ్ళు బండి మీద పోసి ఎండలో వదిలేస్తే నీళ్ళు ఎగిరిపోయి తెల్లటి చారలు మిగులుతాయి. మామూలు కారు మీదైతే తుడిస్తే పోతాయి, మ్యాట్ రంగు మీద గట్టిగా తుడవడానికి వీల్లేదు కదా, అందుకని ఏటికేడు పేరుకుపోయి బండి మొత్తం బూడిద రంగులోకి దిగుతుంది, అప్పుడు రంగు పోయిందనుకుని మళ్ళీ డబ్బాలు తెప్పిస్తారు. నల్లాలో వచ్చే భగీరథ నీళ్ళు వాడండి, వాన నీళ్ళు పట్టి పెట్టుకుంటే ఇంకా మంచిది. కడిగిన వెంటనే మెత్తటి నూలు బట్టతో అద్ది తీయాలి, రుద్దకూడదు. ఇప్పటికే చారలు పడి ఉంటే వెనిగర్‌ను నీళ్ళలో బాగా పలచన చేసి, ఎవరికీ కనబడని ఒక మూల పెట్టి చూసి, రంగు మారకపోతేనే మిగతా చోట్ల అద్ది వెంటనే మంచినీళ్ళతో కడిగేయాలి.

కడిగే టైము కూడా చూసుకోవాలి. పాలమూరు ఎండలో మధ్యాహ్నం ఇనుప రేకు మీద చేయి పెట్టలేం, దాని మీద నీళ్ళు పోస్తే సబ్బు అక్కడికక్కడే ఆరి అంటుకుంటుంది. తెల్లవారుజామున కడగండి, ఎండ ఎక్కేలోపు తుడిచేయండి. నీళ్ళు పోసే ముందు పొడి దుమ్ము దులపాలి, పై నుంచి కిందికి, మెత్తటి వెంట్రుకల బ్రష్‌తో, నొక్కకుండా. మన రోడ్ల మీద లేచే ఎర్ర దుమ్ము, గ్రానైటు కోసే చోట్ల నుంచి వచ్చే పొడి చాలా గట్టివి, వాటిని బట్టతో రుద్దితే వాటర్ పేపర్ (తడిపి రుద్దే గరుకు కాగితం) వేసి గీకినట్టే. సిమెంటు ఫ్యాక్టరీల వైపు, అంటే మేళ్ళచెరువు, వాడపల్లి పక్కన బండి ఉంటే ఇంకా జాగ్రత్త, ఆ పొడి తడిసి గట్టిపడితే ఇక ఊడదు, అందుకని అక్కడ తడి తగలకముందే దులపాలి.

బట్టలుతికే పౌడరు, గిన్నెలు తోమే పొడి, సోడా, ఇవేవీ వద్దు. వ్యాక్స్ కలపని కారు షాంపూ బకెట్ నీళ్ళలో కొద్దిగా వేస్తే సరిపోతుంది. సర్వీసింగ్ సెంటర్లో వాడే ప్రెషర్ గన్ అసలే వద్దు. పాత రంగు ఎక్కడో ఒక చోట అంచు లేచి ఉంటుంది, గన్ కొడితే అక్కడి నుంచి పెచ్చులు పెచ్చులుగా ఊడి వస్తుంది. స్టెన్సిల్‌తో వేసిన అక్షరాలు పోతాయి. రబ్బరు సీళ్ళ సందుల్లోంచి నీళ్ళు లోపలికి పోయి, చక్రాల మధ్య హబ్బుల్లో గ్రీజు పాడై, ఎవరికీ కనబడకుండా జంగు పడుతుంది. డీజిల్‌తో తుడిచే అలవాటు కూడా మన దగ్గర చాలామందికి ఉంది, రెండు రోజులు నల్లగా మెరుస్తుంది, ఆ తర్వాత దారిలో దుమ్మంతా దానికే అంటుకుంటుంది, రబ్బరు ఉబ్బిపోతుంది. గ్రీజు మరకలుంటే బట్ట కొనకు కొంచెం టర్పెంటైన్ తీసుకుని ఆ మరక వరకే అద్దండి. థిన్నర్ మాత్రం దగ్గరికి కూడా తేవద్దు, నిమిషంలో పాత రంగును లేపేస్తుంది. పక్షుల రెట్ట కనబడితే తడి బట్ట కాసేపు దాని మీద వేసి నానబెట్టి తీయండి, ఎండిపోయినదాన్ని గోటితో గీకితే కింద రంగు కూడా వస్తుంది.

కడిగాక నీళ్ళు ఎక్కడ ఆగాయో చూసేవాళ్ళు చాలా తక్కువ. జీపులో సీట్ల కింద, టూల్ బాక్సులో, ట్యాంకు డెక్కు మీద జాలీల మధ్యలో ఆకులు పేరుకుని ఉంటాయి, వాటి కింద నీళ్ళు పోయే చిన్న రంధ్రాలు మూసుకుపోతాయి. పైన ఎంత మంచి రంగున్నా లోపల నిలిచిన నీళ్ళు రేకును కింద నుంచి తినేస్తాయి. ఈ వానాకాలంలో ఒక ఇనుప తీగ తీసుకుని ఆ రంధ్రాలన్నీ పొడిచి చూడండి, అది రంగు వేయడం కంటే ఎక్కువ మేలు.

దసరా గురించి కూడా చెప్పాలి. ఆయుధ పూజకు బండిని అలంకరించడం మన ఆనవాయితీ, రెజిమెంటులో మేమూ చేసేవాళ్ళం, మానమని ఎవరూ అనకూడదు. అయితే పసుపు, కుంకుమ, నూనె మ్యాట్ రంగులోకి ఇంకిపోతాయి, తర్వాత ఏం చేసినా పూర్తిగా పోవు. బొట్లు నేరుగా ఇనుము మీద పెట్టకుండా ఒక తమలపాకు మీద పెట్టి ఆ ఆకును ఆనించండి. దండలు ఇనుప తీగతో కాకుండా నూలు దారంతో కట్టండి. కొబ్బరికాయ బండి ముందు నేల మీద కొట్టండి, బంపరు మీద వద్దు.

ఇప్పుడు అసలు బాధ కలిగించే విషయానికి వస్తాను. పోయినేడు ఒక విద్యాసంస్థలో ఉన్న పాత ట్రక్కుకు రంగు వేయిస్తుంటే చూశాను, ఊరు పేరు రాయను. శక్తిమాన్ బండి, జబల్‌పూర్‌లో 1959 నుంచి తయారైన రకం, మన సైన్యం బరువంతా దశాబ్దాల పాటు మోసిన బండి. గ్రైండర్ పెట్టి పొడి పొడిగా గీకేస్తున్నారు. ముక్కుకు గుడ్డ కూడా లేదు, పక్కనే పిల్లలు ఆడుకుంటున్నారు. పాత మిలిటరీ బండ్ల రంగుల్లో సీసం ఉండొచ్చు, కింద వేసే పసుపు రంగు ప్రైమర్లో క్రోమేట్ ఉండొచ్చు, ఆ పొడి ఊపిరితో లోపలికి పోతే క్యాన్సర్ దాకా తెస్తుంది, సీసం పిల్లల మెదడును దెబ్బతీస్తుంది. ఇళ్ళకు వేసే రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల పాళ్ళలో 90 పాళ్ళు) మించకూడదని మన దేశంలో 2017 నవంబరు నుంచి రూలు ఉంది, ఈ బండ్ల మీదున్న రంగులు దానికి ఎంతో ముందువి. గీకక తప్పదు అంటే నీళ్ళు చల్లుతూ వాటర్ పేపర్‌తో చేతితోనే గీకాలి, మంచి మాస్క్ పెట్టుకోవాలి, కింద ప్లాస్టిక్ షీట్ పరిచి రాలినదంతా ఎత్తి మూటగట్టాలి, మోరీలో పోయకూడదు. పని చేసే పెయింటర్ కూడా ఎవరింటి బిడ్డో కదా.

ఆ గ్రైండర్ కింద ఇంకొకటి కూడా పోయింది. మిలిటరీ బండి నంబరు పైకి చూసే బాణం గుర్తుతో మొదలవుతుంది, పక్కన రెండు అంకెలు అది సైన్యంలోకి వచ్చిన సంవత్సరం చెబుతాయి. ఫార్మేషన్ (అంటే డివిజన్, బ్రిగేడ్ లాంటి పెద్ద దళం) గుర్తు, యూనిట్ గుర్తు, టైర్లలో ఎంత గాలి ఉండాలో చెప్పే స్టెన్సిల్, ఎక్కడ తాడు కట్టి ఎత్తాలో చెప్పే గుర్తు, ఇవన్నీ ఒకదాని మీద ఒకటి పొరలుగా ఉంటాయి. ఒక పొరలో ఆకుపచ్చ, దాని కింద ఎడారి ఇసుక రంగు కనబడితే ఆ బండి రాజస్థాన్ వైపు పనిచేసి వచ్చి ఉండొచ్చు అనుకోవచ్చు. 1965 యుద్ధంలో పంజాబ్‌లోని ఖేమ్‌కరణ్ దగ్గర పాకిస్తాన్ నుంచి పట్టుకున్న పాటన్ ట్యాంకులు మన దేశంలో చాలా ఊళ్ళలో ఉన్నాయి, వాటి మీద శత్రువు వేసుకున్న గుర్తులే అవి యుద్ధంలో దొరికాయనడానికి సాక్ష్యం, రంగు కింద కప్పేస్తే మిగిలేది ఇనుము. లోపల ఇత్తడి ప్లేటు మీద ఇంజన్ నంబరు, తయారైన చోటు చెక్కి ఉంటాయి, ఆ ప్లేటు మీద కూడా బ్రష్ తిప్పేస్తున్నారు. వర్క్‌షాపులో మేము గ్రీజు నిపుల్ మీద, రబ్బరు మీద, అద్దం మీద, ప్లేటు మీద చుక్క రంగు పడనిచ్చేవాళ్ళం కాదు, పడితే హవల్దార్ మేజర్ దగ్గర గట్టి మాటలు పడేవి.

జంగు పట్టిన చోటు వరకే పని చేయండి. వదులైన పెచ్చు తీసి, జంగు తడిగా గీకి, బాగా ఆరనిచ్చి, జింక్ ఫాస్ఫేట్ ఉన్న రెడ్ ఆక్సైడ్ ప్రైమర్ వేసి, పక్క రంగుతో కలిసేట్టు మ్యాట్ రంగు పలచగా రెండుసార్లు వేస్తే చాలు. లప్పం పెట్టి నునుపు చేయొద్దు, ఆ సొట్టలు, వెల్డింగ్ గుర్తులు బండివే. రంగు చేతికి ఇంటి సున్నంలా తెల్లగా అంటుకుంటోందంటే అది మట్టి కాదు, ఎండకు బంక చచ్చిపోయి రంగు పొడి ఊడి వస్తోందని అర్థం, ఎంత తుడిస్తే అంత పోతుంది. దానికి మందు నీడ. ఏటా రెండుసార్లు రంగుకు పెట్టే డబ్బుతో పైన ఒక రేకుల షెడ్డు వేయిస్తే ఆ బండి మన మనవళ్ళ దాకా ఉంటుంది. షెడ్డు కుదరకపోతే గాలి ఆడే కాన్వాస్ కప్పండి, నీలం ప్లాస్టిక్ పట్టాలు వద్దు, లోపల చెమ్మ పట్టి మరీ ఎక్కువ జంగు వస్తుంది. చక్రాలు మట్టిలో దిగబడకుండా కింద కాంక్రీటు దిమ్మెలు పెట్టించండి.

సొంతంగా జీపులు కొనుక్కున్న దేవరకొండ, కల్వకుర్తి తమ్ముళ్ళకు ఒక మాట. రోడ్డు మీద తిరిగే ప్రైవేటు బండికి ఆలివ్ గ్రీన్ వేయకూడదు, మోటారు వాహనాల రూల్స్‌లో ఆ రంగు రక్షణ శాఖ బండ్లకే. కాబట్టి బయట రంగు మార్చక తప్పదు. అయినా బానెట్ లోపల, డాష్‌బోర్డు వెనక, సీట్ల కింద ఉన్న పాత రంగు, పాత అక్షరాలు అలాగే ఉంచండి, ఎవరూ అడగరు. డాష్‌బోర్డు మీటర్లలో చీకట్లో వెలిగే పాత రంగు ఉంటే దాన్ని గీకొద్దు, రెండో ప్రపంచ యుద్ధకాలం నాటి వాటిలో రేడియం ఉండేది, దాని పొడి లోపలికి పోతే ప్రమాదం.

కాలేజీ ప్రిన్సిపాళ్ళకు, మున్సిపల్ ఆఫీసర్లకు నా మనవి ఏమిటంటే, పెయింటర్‌ను పిలిచే ముందు జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో అడగండి, ఈ పని తెలిసిన మాజీ సైనికులు ఎవరున్నారో కనుక్కోవచ్చు. చాలామందిమి డబ్బులు తీసుకోకుండా వస్తాం. ఎవరూ దొరక్కపోయినా సరే, మొదటి రోజు బండిని నాలుగు వైపులా, ప్రతి గుర్తునూ, ప్రతి ప్లేటునూ దగ్గరి నుంచి ఫొటోలు తీసి ఆఫీసులో దాచండి, ప్లేట్ల మీద, గుర్తుల మీద మాస్కింగ్ టేపు అంటించిన తర్వాతే డబ్బా మూత తీయనివ్వండి.

ఇట్లు,
ఒక మాజీ సైనికుడు, నల్గొండ